ఆ ఏడు రోజుల సంగతి ఎవరు చెప్పాలి?

గాల్‌బ్లాడర్‌లో రాళ్ళకి లాప్రోస్కోపీ చేయించుకున్న ఒక టీచరమ్మ, కుట్లు చూపించుకోవడానికి వచ్చిన రోజు సర్జన్ గదిలోంచి బయటికొచ్చి నా కోసం అడిగింది. మత్తు డాక్టరును వెతుక్కుంటూ పేషెంట్లు రారు. ఆపరేషన్ ముందు రోజు పది నిమిషాలు చూస్తారు, టేబుల్ మీద మాస్కు పెట్టేటప్పుడు ఒక నిమిషం చూస్తారు, ఆ తర్వాత మా మొహాలు కూడా గుర్తుండవు. గొంతు నొప్పి ఇంకా తగ్గలేదేమో అనుకుంటూ వెళ్ళాను.

"నన్ను లేపడానికి ఏం మందు ఇచ్చారు మేడం?" అంది.

కొందరు కుతూహలం కొద్దీ అడుగుతారు. అలాగే అనుకుని మామూలుగా చెప్పబోతుంటే, ఫోను తీసి నా ముందు పెట్టింది. "ఇదేనా? సుగమ్మడెక్స్?" ఆ మందు కంపెనీ వాళ్ళ సమాచార పత్రం తెరిచి ఉంది అందులో. "నేను పిల్స్ వాడుతున్నానండీ. బాబుకి రెండేళ్ళు. ఇంకొన్నాళ్ళు వద్దనుకున్నాం. ఈ మందు ఇస్తే ఏడు రోజులు పిల్స్‌ని నమ్ముకోకూడదని ఉంది ఇక్కడ."

కేస్ షీట్ తెప్పించాను. సుగమ్మడెక్స్ 200 మిల్లీగ్రాములు, అంటే ఒక వయల్. టైమ్ 11:40. రాత నాదే. ఆ రోజుకి ఆపరేషన్ అయి ఎనిమిది రోజులు.

"ముందే ఒక్క మాట చెప్తే జాగ్రత్తపడేవాళ్ళం కదా మేడం" అంది. కోపంగా అనలేదు, బడిలో పిల్లలు హోంవర్క్ మర్చిపోతే ఎలా అంటారో అలా అంది. నా దగ్గర సమాధానం లేదు. ఆ ఏడు రోజుల సంగతి నాకు తెలుసు, పరీక్షల్లో రాశాను కూడా. పేషెంటుకి చెప్పడం మాత్రం ఎప్పుడూ చేయలేదు. ఆమెకి ఏమీ కాలేదు. నెల తిరిగేసరికి వార్డు సిస్టర్‌కి ఫోన్ చేసి చెప్పింది, నాకు చెప్పమని మరీ చెప్పింది. అయినా ఆ ఎనిమిదో రోజు నన్ను వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ మందు ఇచ్చే చెయ్యి ఎవరిదో, చెప్పవలసిన నోరూ వాళ్ళదే. ఆపరేషన్‌కి ముందే చెప్పాలి, ఆ మనిషికే చెప్పాలి, తెలుగులో కాగితం మీద పెట్టి చేతికివ్వాలి. రుజువులు ఇంకా గట్టిపడనీ అని ఆగకూడదు.

గారె, దాని చిల్లు

పేషెంట్లు దీన్ని "లేపే మందు" అంటారు కానీ, ఇది మత్తు దింపదు. కడుపులోకి గ్యాస్ నింపి కెమెరాతో చేసే ఆపరేషన్లలో కండరాలు పూర్తిగా వదులైపోవాలి. శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడానికీ అంతే. దానికోసం రోక్యురోనియం లాంటి రిలాక్సెంట్ ఇస్తాం. పని అయ్యాక దాని పట్టు వదిలించాలి. లేకపోతే మనిషికి మెలకువ వచ్చినా తల ఎత్తలేదు, గట్టిగా ఊపిరి పీల్చలేదు, దగ్గలేదు.

దశాబ్దాలుగా ఈ పనికి నియోస్టిగ్మిన్ వాడుతున్నాం. అది రిలాక్సెంట్‌ని ముట్టుకోదు. నరం చివర ఉండే అసిటైల్‌కోలిన్‌ని పెంచి, రిలాక్సెంట్‌తో పోటీకి దింపుతుంది. ఆ పెరుగుదల ఒంట్లో అన్నిచోట్లా ఉంటుంది కాబట్టి గుండె వేగం తగ్గుతుంది, నోట్లో లాలాజలం ఊరుతుంది. దాన్ని ఆపడానికి గ్లైకోపైరోలేట్ కలిపి ఇస్తాం. పైగా కండరాలు బాగా వదులుగా ఉన్నప్పుడు నియోస్టిగ్మిన్ ఎంత ఇచ్చినా లాభం ఉండదు.

సుగమ్మడెక్స్ దారే వేరు. స్కాట్లండ్‌లోని న్యూహౌస్‌లో ఆర్గనాన్ కంపెనీ ల్యాబ్ ఉండేది. అక్కడ ఆంటన్ బోమ్ అనే శాస్త్రవేత్త, ప్రయోగాల కోసం రోక్యురోనియంని కరిగించే పదార్థం వెతుకుతూ సైక్లోడెక్స్‌ట్రిన్ల దగ్గరికి వచ్చాడు. అవి పిండిపదార్థం నుంచి వచ్చే చక్కెర వలయాలు. గామా రకంలో ఎనిమిది గ్లూకోజు అణువులు గుండ్రంగా చేతులు పట్టుకుని ఉంటాయి. అచ్చం గారెలాగా. ఆ చిల్లుని ఇంకాస్త లోతు చేసి, అంచున రుణావేశం ఉన్న తోకలు తగిలిస్తే, రోక్యురోనియం వచ్చి అందులో ఇరుక్కుని కదలదు. మూత్రంలో రెండూ కలిసే పోతాయి. 2008లో యూరప్‌లో అనుమతి వచ్చింది. అలర్జీ భయాల వల్ల అమెరికా ఏడేళ్ళు ఆపి 2015 డిసెంబరులో ఒప్పుకుంది.

మొదటిసారి వాడిన రోజు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. మణికట్టు దగ్గర నరానికి చిన్న కరెంటు ఇచ్చి బొటనవేలు ఎన్నిసార్లు కదులుతుందో చూస్తాం. నాలుగుసార్లు కదలాలి, నాలుగూ సమానంగా ఉండాలి. ఆ రోజు రెండుసార్లే కదిలింది, రెండోది మరీ నీరసంగా. మందు ఇచ్చి గడియారం చూశాను. రెండు నిమిషాలు దాటిందో లేదో, బొటనవేలు టక టక టక టక. నియోస్టిగ్మిన్ ఇచ్చి పది పదిహేను నిమిషాలు చెయ్యి పట్టుకుని కూర్చున్న రోజులు తెలిసినవాళ్ళకే ఆ నాలుగు కదలికల విలువ తెలుస్తుంది.

చిక్కు ఎక్కడంటే, రోక్యురోనియం అస్థిపంజరం స్టీరాయిడ్‌ది. నాలుగు వలయాలు ఒకదానికొకటి అతుక్కున్న ఆకారం. ఆడవాళ్ళ ఒంట్లో ఊరే ప్రొజెస్టెరాన్ హార్మోనుదీ అదే ఆకారం, పిల్స్‌లో దాని బదులు ఉండే ప్రొజెస్టోజెన్‌దీ అదే. గారె చిల్లుకి ఎవరు ఎవరో తెలియదు కదా. రోక్యురోనియంని పట్టుకున్నంత గట్టిగా కాకపోయినా, వీటిలో కొంత భాగాన్నీ పట్టుకోగలదు. కిలోకి 4 మిల్లీగ్రాముల డోసు ఇస్తే ఒంటికి అందే ప్రొజెస్టోజెన్ 34 శాతం దాకా తగ్గవచ్చనీ, అంటే రోజూ వేసుకునే పిల్‌ని 12 గంటలు ఆలస్యంగా వేసుకున్నంత తేడా అనీ యూరప్ పత్రంలో రాశారు. అందుకే ఒక మాత్ర మానేసినట్టే లెక్క వేసుకోమన్నారు. అమెరికా పత్రం ఏడు రోజుల పాటు హార్మోను లేని మరో జాగ్రత్త తోడు పెట్టుకోమంది. మాత్రలకే కాదు, ఇంజెక్షన్, ఇంప్లాంట్, హార్మోన్ లూప్ వాడేవాళ్ళకీ అదే మాట.

అసలు ఇది నిజంగా జరుగుతుందా?

ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు తినేసింది. ఆ 34 శాతం ఆడవాళ్ళ రక్తంలో కొలిచిన అంకె కాదు. పరీక్షనాళికలో ఎంత పట్టుకుంటుందో చూసి, దాని మీద కంప్యూటర్ లెక్క కట్టిన అంచనా. మందు కూడా ఒంట్లో ఎక్కువసేపు ఉండదు. కిడ్నీలు బాగుంటే రెండు గంటల్లో సగం పోతుంది.

ఇలాంటి భయం ఒకటి ఇంతకుముందు తేలిపోయింది కూడా. వాంతులు రాకుండా మేము ఇచ్చే డెక్సామెథసోన్ కూడా స్టీరాయిడే. అది చిల్లులో దూరి సుగమ్మడెక్స్‌ని పనిచేయనివ్వదేమోనని ల్యాబ్‌లో కణాల మీద చేసిన ప్రయోగం చూసి కంగారుపడ్డారు. ఆపరేషన్ టేబుల్ మీద నిజం పేషెంట్లలో చూస్తే తేడా కనిపించలేదు. మగ పేషెంట్లలో హార్మోన్లు కొలిచిన ఒక పరిశోధనలో కూడా కొద్దిసేపు చిన్న మార్పే తప్ప హాని ఏమీ తేలలేదు. పిల్స్ విషయం కూడా రేపు ఇలాగే తేలిపోవచ్చు.

నాతో పనిచేసే ఒక సీనియర్ సార్ ఇదే అన్నారు. "రుజువు లేని దానికి ఎందుకమ్మా వాళ్ళకి టెన్షన్? ఆపరేషన్ అంటేనే సగం చచ్చిపోయి వస్తారు." ఆయన మాట కొట్టిపారేయలేను. అన్నీ చెప్పేసి పేషెంటుని భయపెట్టి, నా బాధ్యత తీరిందనుకునే డాక్టర్లని నేనూ చూశాను.

కానీ తూకం వేసి చూడండి. చెబితే పోయేది ఏమిటి? ఒక వారం కండోమ్. చెప్పకపోతే, ఆ అంచనా నిజమైతే, అక్కర్లేని గర్భం. ఆ తర్వాత వచ్చేవన్నీ ఆమె మీదే పడతాయి. కడుపు నిలిచాక, "మాత్ర సరిగ్గా వేసుకోలేదేమో" అనే మాట ఇంట్లోనూ అంటారు, ఆసుపత్రిలోనూ అంటారు. ఓటీలో ఇచ్చిన ఇంజెక్షన్ సంగతి ఎవరికీ గుర్తుకురాదు, డిశ్చార్జ్ సమ్మరీలో అది ఉండదు కాబట్టి. సర్జన్ ఏం కోశారో ఉంటుంది, ఇంటికెళ్ళాక వేసుకునే మాత్రలు ఉంటాయి, మేము ఇచ్చినవి ఒక్కటీ ఉండవు. రుజువు లేదని అంటున్నాం సరే, ఏం ఇచ్చామో ఆమెకే తెలియనప్పుడు రుజువు ఎక్కడినుంచి పుడుతుంది? ఆమె ఎవరికి వచ్చి చెప్పాలి?

ఇంకో సంగతి. సుగమ్మడెక్స్ పక్కన పెట్టండి. రాత్రి నుంచి ఏమీ తినొద్దు, తాగొద్దు అంటాం. పొద్దున వేసుకోవలసిన మాత్ర ఆ గాభరాలో ఎగిరిపోతుంది. సాయంత్రం వేసుకుంటే వాంతి అవుతుంది. మాత్ర వేసుకున్న కొద్ది గంటల్లోపే వాంతి అయితే అది వేసుకోనట్టే. అసలు ఈస్ట్రోజన్ ఉన్న పిల్స్ వాడేవాళ్ళకి రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ కాబట్టి, రోజుల తరబడి కదలకుండా పడుకోవలసిన పెద్ద ఆపరేషన్లకి నాలుగు వారాల ముందే ఆపమంటారు. అంటే పిల్స్ గురించి అడగడం కొత్తగా వచ్చిన పని కాదు. సుగమ్మడెక్స్ పుట్టకముందు నుంచీ అడగవలసిందే, మేమే అడగలేదు.

మన దగ్గర పిల్స్ వాడేది ఎవరు?

ఇది కాస్త గట్టి ప్రశ్న. మన ఊళ్ళల్లో "ఆపరేషన్ చేయించుకుంది" అంటే ఏ ఆపరేషన్ అని ఎవరూ అడగరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నారు. తెలంగాణలో 60 శాతం పైనే. పిల్స్ వాడేవాళ్ళు లెక్కలో కనిపించీ కనిపించనంత. ట్యూబులు ముడివేయించుకున్నవాళ్ళకీ, కాపర్-టీ ఉన్నవాళ్ళకీ ఈ ఏడు రోజుల గొడవే లేదు. సిజేరియన్లు ఎక్కువగా వెన్నులో ఇచ్చే ఇంజెక్షన్‌తోనే అయిపోతాయి, అక్కడ రిలాక్సెంట్ అవసరమే రాదు. చాలాచోట్ల ఇప్పటికీ అట్రాక్యూరియం అనే ఇంకో రిలాక్సెంట్, నియోస్టిగ్మిన్ జంటే నడుస్తోంది. అట్రాక్యూరియం స్టీరాయిడ్ కాదు, సుగమ్మడెక్స్ దాని మీద పనిచేయదు. కాబట్టి ఇది చదివి ఎవరూ కంగారు పడొద్దు. మత్తు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ మందు ఇవ్వరు.

అయితే కొద్దిమందే కదా అని వదిలేస్తే, ఆ కొద్దిమందిని వెతికేది ఎవరు? సర్వే అడిగింది గర్భం రాకుండా ఏం వాడుతున్నారని. పీసీఓడీకి పిల్స్ వాడే ఇరవయ్యేళ్ళ అమ్మాయి అందులో లేదు. ఎండోమెట్రియోసిస్‌కి వాడే ఆమె లేదు. మూడు నెలలకోసారి పీహెచ్‌సీలో గర్భం రాకుండా 'అంతర' ఇంజెక్షన్ చేయించుకుని, ఇంట్లో చెప్పని ఆమె సర్వే వాళ్ళకి చెప్పి ఉంటుందా? గృహప్రవేశమనీ, తిరుపతి ప్రయాణమనీ నెలసరి వాయిదాకి వేసుకునే మాత్రలు కూడా హార్మోన్లే. వాటిని మన ఆడవాళ్ళు "మందులు" అనే ఖాతాలోనే వేయరు. "మందులేమైనా వాడుతున్నారా?" అంటే బీపీ, షుగరు, థైరాయిడ్. అంతవరకే.

గర్భం వచ్చినవాళ్ళ సంగతి ఇంకాస్త సున్నితం. మొదటి వారాల్లో గర్భం నిలవడానికి ఆధారం ప్రొజెస్టెరానే. అందుకే 2019లో అమెరికాలోని ప్రసూతి మత్తు వైద్యుల సంఘం, గర్భం మొదటి రోజుల్లో ఈ మందు వాడకపోవడమే మంచిదని చెప్పింది. గర్భంతో ఉన్న ఎలుకల్లో హార్మోన్లు తగ్గలేదని ఒక పరిశోధన ఉన్నా సరే, ఎలుకను చూసి మనిషి విషయంలో ధైర్యం చేయలేం కదా. ఒకసారి తెల్లవారుజామున మూడింటికి, ఐవీఎఫ్‌లో పిండం పెట్టించుకుని పది రోజులైన ఒకావిడ, అండాశయం మెలిపడి విలవిల్లాడుతూ వచ్చింది. ప్రొజెస్టెరాన్ ఇంజెక్షన్ల మీద ఉంది. ఆ రాత్రి సుగమ్మడెక్స్ వయల్ ట్రేలోంచి తీసి పక్కన పెట్టాను. అట్రాక్యూరియం, నియోస్టిగ్మిన్. పావుగంట ఎక్కువ పట్టింది. బొటనవేలు నాలుగుసార్లు సమానంగా కదిలేదాకా ట్యూబ్ తీయలేదు. ఆవిడ విషయంలో అంత ఆలోచించగలిగాను, ఎందుకంటే ఆవిడ ఫైలు మీదే పెద్ద అక్షరాలతో రాసి ఉంది. టీచరమ్మ ఫైలు మీద ఏమీ లేదు.

పక్కన ఎవరున్నారు

ఉండదు మరి, అడిగిన తీరు అలాంటిది. ఆ రోజు టీచరమ్మని అడిగినప్పుడు ఒక పక్క అత్తగారు, ఇంకో పక్క ఆడపడుచు. మందుల ప్రశ్నకి అత్తగారే జవాబు చెప్పారు, "ఏం లేవమ్మా, బంగారంలా ఉంటుంది" అని. నేను టిక్కు పెట్టుకున్నాను.

పెళ్ళికాని అమ్మాయిలతో ఇంకా కష్టం. అపెండిక్స్‌కి వచ్చిన ఒక ఇంజనీరింగ్ అమ్మాయి, తల్లి బిల్లు కట్టడానికి వెళ్ళగానే గొంతు తగ్గించి, "మేడం, నేను పిల్స్ వాడుతున్నా, పీసీఓడీకి. అమ్మకి తెలుసు. కానీ అమ్మ ఎవరికీ చెప్పొద్దంది, సంబంధాలు చూస్తున్నారు" అంది. ఎవరికీ అంటే మత్తు డాక్టరు కూడా అందులో ఉంది. ఆ తల్లిని తప్పుపట్టలేను. మేము అడిగే గదిలో తలుపు ఉండదు, పక్క మంచం వాళ్ళు చెవులు ఇటే పెట్టి ఉంటారు.

2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో చెప్పిన తీర్పు మా వాళ్ళందరికీ పాఠంలా చెబుతారు. పరీక్ష కోసం లాప్రోస్కోపీకి ఒప్పుకున్న 44 ఏళ్ళ మనిషి మత్తులో ఉండగా, తల్లి దగ్గర ఒప్పుకోలు తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికి రానప్పుడు, తన మంచిచెడ్డలు తాను చూసుకోగల మనిషి బదులు తల్లి ఒప్పుకోవడం చెల్లదంది కోర్టు. సంతకం విషయంలో ఆ పాఠం మేము నేర్చుకున్నాం. ప్రశ్న అడగడంలో మాత్రం ఇంకా అత్తగారి జవాబే రాసుకుంటున్నాం.

సుగమ్మడెక్స్ వాడొద్దని నేను అనడం లేదు. కండరాల పట్టు పూర్తిగా వదలకముందే ట్యూబ్ తీస్తే ఏమవుతుందో చూసినవాళ్ళెవరూ అనరు. 2023లో అమెరికా మత్తు వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు రోక్యురోనియం తర్వాత నియోస్టిగ్మిన్ కంటే దీన్నే ముందు నిలబెట్టాయి. నాకు ఆపరేషన్ అయితే నాకూ ఇదే ఇవ్వమంటాను. మందు మీద నాకు ఫిర్యాదు లేదు. మందుతో పాటు రావలసిన మాట రావడం లేదు, అదీ నా బాధ.

చీటీ

టీచరమ్మ వచ్చివెళ్ళిన వారం ఒక చీటీ రాశాను, అరచేతిలో పట్టేంత. పదిహేను నుంచి యాభై ఏళ్ళ మధ్య ఆడవాళ్ళు ఎవరు పీఏసీకి, అంటే ఆపరేషన్ ముందు మేము చేసే పరీక్షకి, వచ్చినా అందరికీ ఇచ్చేయాలని. అందరికీ ఇస్తే ఎవరినీ వేలెత్తి చూపినట్టుండదు, ఎవరూ నోరు తెరిచి చెప్పాల్సిన పనీ ఉండదు. ప్రశ్న అడగడానికి మాత్రం, బరువు చూసే మిషను దగ్గరికి మనిషిని ఒక్కదాన్నే తీసుకెళ్తున్నాం. అటెండర్లు ఎవరూ అక్కడికి రారు. ఆ అర నిమిషం చాలు.

సీనియర్ సార్‌కి ఇప్పటికీ నచ్చలేదు. "రేపు ఎవరికైనా కడుపొస్తే ఈ చీటీ పట్టుకునే నీ మీదకి వస్తారు" అన్నారు. రావచ్చు. చీటీ ఇవ్వకపోతే రారు, వాళ్ళకి తెలియదు కాబట్టి. తెలియకపోవడం నాకు రక్షణ అవుతుందంటే ఆ రక్షణ నాకొద్దు. అత్తగారు చీటీ చదివి ఇంట్లో రచ్చ చేస్తేనో అని సిస్టర్ అడిగింది. అది మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. అందుకే "మీరు వాడుతున్నారు కాబట్టి" అని ఎక్కడా రాయలేదు. "వాడేవారు ఎవరైనా" అని రాశాను. దానికీ అనుమానపడే ఇళ్ళుంటాయి. దానికి నా దగ్గర మందు లేదు.

మొదటి చీటీలో "హార్మోన్ సంబంధిత గర్భనిరోధక సాధనాలు వినియోగించువారు" అని రాశాను. టీచరమ్మకి వాట్సాప్‌లో పంపి, ఎలా ఉందో చూడమన్నాను. ఎర్ర ఇంకుతో దిద్ది ఫోటో తీసి పంపింది. ఇప్పుడు మేము ఇస్తున్నది ఆమె దిద్దినదే:

"పిల్లలు పుట్టకుండా గానీ, నెలసరి సరిచేయడానికి గానీ మాత్రలు, ఇంజెక్షన్, హార్మోన్ లూప్ వాడేవారు ఎవరైనా మత్తు డాక్టరుకు చెప్పండి. గర్భం ఉందేమోనని అనుమానం ఉన్నా చెప్పండి. ఆపరేషన్‌లో ఇచ్చే ఒక మందు వల్ల వీటి పనితీరు కొన్ని రోజులు తగ్గవచ్చు. ఆపరేషన్ అయ్యాక ఏడు రోజులు కండోమ్ కూడా వాడండి. మీ మాత్రలు మానకండి. కాపర్-టీ ఉన్నవారికి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినవారికి ఇది అవసరం లేదు."

"మీ మాత్రలు మానకండి" అన్న వాక్యం నా చీటీలో లేదు. అది ఆమె చేర్చింది. చీటీ చదివి భయపడి మొత్తానికే మానేస్తారు మేడం, మా చెల్లెలైతే మానేస్తుంది, అని పక్కన రాసింది. డిశ్చార్జ్ సమ్మరీలో మా మందులకి ఒక గడి పెట్టమని సాఫ్ట్‌వేర్ వాళ్ళని అడిగి చాలా రోజులైంది, ఇంకా పెట్టలేదు. అంతవరకు అడుగున ఖాళీ చూసుకుని నేనే పెన్నుతో రాస్తున్నాను, మందు పేరు, ఇచ్చిన టైము, ఏడో రోజు ఏ తేదీకి వస్తుందో.